కుడి చివర అయిదు మీటలు

మా చర్చికి ముంబై నుంచి ఎవరో పాత డిజిటల్ పియానో ఒకటి దానమిచ్చారు. వచ్చిన రోజున సగం మీటలు మూగవి. అప్పటికి పదకొండేళ్లుగా నేను భివండీలో మరమగ్గాలు నడుపుతున్నాను. మా వాళ్లు వాటిని సాంచాలంటారు. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేయడం కూడా వచ్చు గనుక పాస్టర్ దాన్ని నా ఖోలీలో దింపించాడు. ఉన్నదే పదడుగుల గది. నా భార్య ఆ పియానోను దాటుకుంటూ వంట చేసేది.

నాకైతే పండగే. థానేలో ఇలాంటివి రిపేరు చేసే సేఠ్ ఒకడు, ఒక్కటి పూర్తిగా బాగుచేసి తీసుకొస్తే పనిలో పెట్టుకుంటానని మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే బతుకుతున్నాను. పన్నెండు గంటల డ్యూటీ, ఆ దడదడ, ముక్కులో గొంతులో దూది. ఛీ, అదీ ఒక బతుకేనా! కార్ఖానా నుంచి బయటపడడానికి నాకున్న దారి ఇదొక్కటే.

శుక్రవారం సాంచాలకు సెలవు. పియానో విప్పాను. మీటల కింద రబ్బరు పట్టీలుంటాయి. వాటి అడుగున ఉన్న నల్లటి చుక్కలు బోర్డును తాకితేనే శబ్దం వస్తుంది. చుక్కల నిండా దుమ్ము. స్పిరిట్‌లో ముంచిన బట్టతో తుడిచి ఆరబెట్టాను. సాయంత్రానికి అన్నీ పలికాయి, కుడి చివర అన్నిటికంటే సన్నగా పలికే అయిదు తప్ప.

అయిదే గదా అనుకున్నాను. ఆ అయిదూ నా ప్రాణం తీశాయి. మళ్లీ తుడిచాను. అక్కడి పట్టీ తెచ్చి మధ్యలో వేస్తే బ్రహ్మాండంగా పలికింది. మధ్య పట్టీ అక్కడ వేస్తే చప్పుడు లేదు. అంటే తప్పు బోర్డుదే. టంకాలన్నీ మళ్లీ పెట్టాను. ఊహూ! నా భార్య నీళ్లకు పోయినప్పుడు పాస్టర్‌నూ సంఘ పెద్దలనూ పిలిచి నొక్కి చూపించాను. అందరూ ఏళ్లకేళ్లు సాంచాల మీద పనిచేసినవాళ్లే. "ఏం వస్తలేదు, ఖరాబే" అన్నారు.

నాలుగు శుక్రవారాలు అట్లాగే పోయాయి. అయిదో శుక్రవారం తెగించి, పియానోను టెంపోలో వేసుకుని థానే పోయాను. బోర్డులో లోపం ఎక్కడుందో చూపించమని, పక్కన నిలబడి నేర్చుకుంటానని బతిమాలదామనుకున్నాను. సేఠ్ ఎడమ చివర నుంచి ఒక్కో మీటా నొక్కుకుంటూ పోయాడు. చివరి అయిదూ నొక్కి నా మొహంలోకి చూశాడు.

"ఏ తో బజ్ రహా హై, భాయ్."

మోగుతున్నాయంటాడు! ఎగతాళి చేస్తున్నాడని ఒళ్లు మండింది. మళ్లీ నొక్కాడు. వాకిట్లో నిలబడ్డ గిరాకీ ఒకాయన కూడా మోగుతున్నాయని తల ఊపాడు. నాకు మాత్రం మీట కిందికి దిగే టక్కు తప్ప ఏమీ వినపడలేదు.

ఏం పని చేస్తావని సేఠ్ అడిగాడు. చెప్పాను. పియానో బాగుందన్నాడు, నా చెయ్యి మంచిదన్నాడు. ఈ పనికి చెవి కావాలన్నాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు గట్టిగా, నిదానంగా చెప్పాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

టెంపోలో దారి పొడుగునా ఏడ్చాను. ఖోలీలో పియానో దించి, స్విచ్ వేసి, భార్యను పిలిచి చివరి మీట నొక్కాను.

"ఇనవడ్తుందా?"

"ఆ, సన్నగ టింగుమంటుంది గదా."

"ఎప్పటి సంది?"

"నువ్వు మొదలు తుడిచిన కాన్నుంచి."

"మరి చెప్పొద్దానే! నెల దినాల సంది సస్తున్న గదా!"

"నువ్వు అడిగినవా? ఇంకేందో ఖరాబైంది, అది చూస్తున్నవనుకున్న."

ఆమె ఊరి నుంచి వచ్చి ఏడాదే అయింది. కార్ఖానాలో ఒక్కరోజూ పనిచేయలేదు. ఆమె మీద అరుద్దామనుకుని, చివరి మీటే ఇంకోసారి నొక్కాను. ఆమె పొయ్యి వైపు తిరిగి ఇంకేదో అన్నది. ఏమన్నదో నాకు వినపడలేదు.