గొడుగు కథ చదివిన కండక్టరు

కళ్ళజోళ్ళాయన్ని కథలు రాయాలన్న పురుగు యాభై ఎనిమిదో ఏట తొలిచింది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆయన రాసిందల్లా కుడికన్ను ఇంత, ఎడమకన్ను అంత అని చీటీలు. ఆ చీటీల వెనకే, మధ్యాహ్నం బేరాల్లేని వేళ, కథ మొదలుపెట్టాడు. వానలో ఒకావిడ దగ్గర గొడుగు అడిగి తెచ్చుకున్న మనిషి, తిరిగివ్వడానికి మొహం చెల్లక పదేళ్ళపాటు ఆ వీధి తప్పించుకు తిరగడం కథ. నాలుగు నెలల కుస్తీలో ఆరు పేరాలైంది.

రాయడం సరే, చదివేదెవరు? పత్రికకు పంపితే ఉలుకూ పలుకూ లేదు. గల్లా దగ్గర కూర్చునే భార్యకు చూపిస్తే రెండు వాక్యాలు చదివి, "ఈ గొడుగు పోయినేడు మీరు బస్సులో వదిలేసొచ్చిందే కదూ" అంది. కాదు మొర్రో అని ఆయన చెప్పేలోగా, పోయిన గొడుగు గుణగణాలన్నీ ఏకరువు పెట్టేసింది.

అప్పుడు తట్టింది ఆయనకా దిక్కుమాలిన ఆలోచన. దగ్గరి చూపు పరీక్షకు చేతికిచ్చే అట్ట ఒకటుంటుంది. పై పేరా పెద్ద అక్షరాల్లో ఉండి, కిందికి పోనుపోను చిన్నదై, అడుగుకొచ్చేసరికి చీమ తలకాయలంత అవుతుంది. ఆయన పాత అట్టమీద ఆవు గురించి చప్పిడి వాక్యాలుండేవి. వాటి బదులు తన కథ అచ్చువేయిస్తే? కళ్ళజోడు కావాలన్నవాడు చదవక చస్తాడా?

చదివారు. ఎలా ఉందని అడిగితే, బాగానే కనబడుతోందన్నారు. ఒకావిడ మూడో పేరా కాస్త మసగ్గా ఉందంటే, రెండు రోజులు కూర్చుని ఆ పేరా తిరగరాశాక గానీ ఆవిడ తన కళ్ళ సంగతి చెప్పిందని ఆయనకు వెలగలేదు. అన్నిటికంటే ఘోరం, కథ మలుపు తిరిగేది అయిదో పేరాలో. అంత చిన్న అక్షరాలు చదవగలిగేవాడు కొట్టుకు రాడు. కొట్టుకొచ్చినవాడు చదవలేడు. అద్దం మీద అద్దం మార్చి తీరా అక్కడిదాకా లాక్కొస్తే, "చాలండి, ఇవే ఖాయం చెయ్యండి" అని లేచిపోయేవాడు. గొడుగేమైందని మాటవరసకైనా అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇక రిటైరైన బస్సు కండక్టరొకాయన. వారానికోసారి స్క్రూ వదులైందనో, ముక్కు దగ్గర ఒరుసుకుంటోందనో దిగబడేవాడు. బల్లమీది అట్టా, భూతద్దమూ పట్టుకుని బెంచీమీద గంటసేపు బైఠాయించేవాడు. ఊరికే చేయించుకునే ఆ రిపేర్లు చేయలేక కళ్ళజోళ్ళాయనకు చిర్రెత్తేది. కొత్త జోడిచ్చి పడేస్తే పీడా పోతుందని ఒకనాడు కుర్చీలో కూలేసి పరీక్ష చేశాడు. కండక్టరు ఆరు పేరాలూ గడగడా చదివేశాడు, చీమ తలకాయలతో సహా. ఈ వయసులో ఇదేం చూపురా నాయనా అని ఆశ్చర్యపోయి, ఉన్న పవరు తగ్గించి మరీ అద్దాలు బిగించి పంపాడు.

నాలుగో రోజు కండక్టరు తిరిగొచ్చాడు. అల్లుడికి చేద్దామని ఫోను నొక్కి, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషినెవరినో పది నిమిషాలు చెడామడా దులిపేశాడట. ఆయన పాపం మధ్యలో రెండుసార్లు క్షమాపణ కూడా చెప్పుకున్నాడట.

"మరి ఆరోజు అట్టంతా చదివారు కదండీ" అన్నాడు కళ్ళజోళ్ళాయన, పళ్ళు నూరుతూ.

"చదవడమేంటి డాక్టరుగారూ, నోటికొచ్చు. ముప్ఫై మూడేళ్ళు స్టాపుల పేర్లు వరసగా అరిచిన నోరిది. ఒకసారి ఎక్కిందంటే దిగదు."

"పరీక్షలో అప్పజెప్తారా ఎవరైనా? కనబడకపోతే కనబడట్లేదని చెప్పొద్దూ?"

"మీరు చదవమన్నారు గానీ, కనబడుతోందా అని అడగలేదే."

భార్య నవ్వాపుకోలేక ఫ్రేముల పెట్టెలో తల దూర్చింది. కండక్టరు మాత్రం ఇంకా వదల్లేదు.

"అయినా మీవాడు గొడుగు ఆవిడ గుమ్మంలో పెట్టి ఉడాయించడమేంటండీ? పదేళ్ళ తర్వాత వెళ్ళినవాడు తలుపు కొట్టి చేతికివ్వాలి కదా. నాకస్సలు నచ్చలేదు."

కళ్ళజోళ్ళాయన తిట్టబోయిన తిట్టు మరిచిపోయాడు. నచ్చలేదట! తలుపు కొట్టే ధైర్యమే ఉంటే పదేళ్ళెందుకు తిరుగుతాడయ్యా అని ఎగిరిపడ్డాడు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. జోడు కోసం వచ్చిన ఒకాయన కాసేపు చూసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు భార్య పాత అట్ట దుమ్ము దులిపి ఇద్దరి మధ్యా పెట్టింది. కండక్టరు ఆవు కొమ్ముల దగ్గరే ఆగిపోయాడు. కొత్త అద్దాలకు మళ్ళీ కొలతలు తీయక తప్పలేదు.

"కథలు బెంచీమీద పెట్టుకోండి, జనం కళ్ళ జోలికి రాకండి" అని భార్య తేల్చేసింది. ఆయన రెండో కథ నాలుగు పేజీలు, అంతా ఒకే సైజు పెద్దక్షరాల్లో కొట్టించి బెంచీమీద పెట్టాడు.

వారం తిరక్కుండానే కండక్టరు ప్రత్యక్షం. స్క్రూ వదులైందట. మూడు రోజుల కిందట తన చేత్తో బిగించిన స్క్రూ అది, ఎవరైనా పనిగట్టుకుని గోటితో తిప్పితే తప్ప వదులు కాదు. ఈ మనిషి తన ప్రాణానికెలా దాపురించాడో అని గొణుక్కుంటూనే, కళ్ళజోళ్ళాయన షోకేసులోంచి అదే పవరున్న మరో జోడు తీసి కండక్టరు చేతిలో పెట్టాడు. తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకుని, బెంచీకి వీపు తిప్పి కూర్చుని, ఒక్క తిప్పుతో అయ్యే పనిని నాలుగో పేజీ తిప్పిన చప్పుడు వినబడేదాకా చేశాడు.