ఎడమ పక్క

రాఘవేందర్ ఇరవై ఆరేళ్లుగా కార్ఖానా ఏరియాలోని ఒక బడికి బస్సు నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క బిడ్డకు చిన్న దెబ్బ కూడా తగలనివ్వలేదు. కొడుక్కి ఉద్యోగం వచ్చాక భార్య పుష్పమ్మ ఇక చాలించమంటే, "ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె?" అని నవ్వేవాడు. పొద్దున్నే ఆ పెద్ద స్టీరింగు పట్టుకుంటే చాలు, ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

కిందటి వేసవిలో తలనొప్పి తగ్గకపోతే కంటి డాక్టరు ఝాన్సీలక్ష్మి దగ్గరికి వెళ్లాడు. గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. తర్వాత ఆమె ఒక మిషన్లోకి చూడమని, చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమంది. ఎడమవైపు మెరిసిన చుక్కలు ఆయనకు కనబడనేలేదు.

"ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయండీ. ఎడమ పక్క చూపు మాత్రం చాలావరకు పోయింది. అది తిరిగి రాదు. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

రాఘవేందర్ తల దించుకున్నాడు. "కిరాణా దుకాణం, మేడం."

"సరే. బండి మాత్రం నడపకండి."

ఇంటికొచ్చి పుష్పమ్మతో కంట్లో వేసుకోవడానికి మందిచ్చారని మాత్రమే చెప్పాడు. జూన్‌లో బడి తెరవగానే మళ్లీ బస్సెక్కాడు. చేస్తున్నది తప్పని తెలియక కాదు. ఈ నెలాఖరుకి మానేద్దామని రోజూ అనుకునేవాడు. ఇంజను మోత వినగానే ఆ నెలాఖరు ఇంకో నెలకి జరిగిపోయేది. తల పూర్తిగా తిప్పి చూస్తే సరిపోతుందిలే అనుకున్నాడు. పైగా ఎడమ పక్క తలుపు దగ్గర మేబెల్ ఉండనే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ బస్సులో ఆయా. పిల్లల్ని ఎక్కించి, రేకు మీద చరిచి, "రైట్, అన్నా!" అనేది.

ఆగస్టులో ఒక పొద్దున మారేడ్‌పల్లిలో జోరువాన. ఎక్కుతున్న పాప చేతిలోంచి గొడుగు జారి బస్సు ఎడమ పక్క ముందు చక్రం దగ్గరికి దొర్లింది. మేబెల్ దిగి దాని కోసం వంగింది. వెనక కార్లు ఒకటే హారన్లు. చరిచిన చప్పుడు విన్నాననుకున్నాడు రాఘవేందర్. ఎడమకి చూశాడు. ఎవరూ కనబడలేదు. బస్సు కదిలించాడు. పిల్లలు కెవ్వున అరిచారు.

మేబెల్ పాదం చక్రం కింద నలిగింది. రెండు వేళ్లు తీసేశారు.

మూడోరోజు ఆసుపత్రికి వెళ్తే ఆమే ఆయనకు ధైర్యం చెప్పింది. "జారి పడ్డనని ప్రిన్సిపాల్ సారుకు చెప్పిన. నువ్వు పరేషాన్ గాకన్నా."

రాఘవేందర్ ఇక పట్టలేకపోయాడు. "నాకు ఆ దిక్కు కనబడది, మేబెల్. ఎండకాలమే తెలిసింది. బండి నడపొద్దని డాక్టరమ్మ చెప్పింది. నేనే ఇడువలే."

"నాకు జెర అనుమానమొచ్చింది. నువ్వే చెప్తవని చూసిన. నేను గూడ ఎవ్వరికీ చెప్పలే," అంది మేబెల్. "ఆడ నేను గాక ఆ పాప వంగి ఉంటే?"

రాఘవేందర్ లేచాడు. అక్కణ్నుంచి నేరుగా బడికి వెళ్లి ప్రిన్సిపాల్ ముందు అంతా ఒప్పుకున్నాడు. "తెలిసి తెలిసి ఎందుకు నడిపావయ్యా?" అని ఆయన అడిగితే, "బుద్ధి వద్దన్నది సార్, మనసు ఇననియ్యలే," అన్నాడు. ఆ రోజే పని పోయింది. పోలీసు కేసు ఇంకా నడుస్తోంది.

మేబెల్ ఇప్పుడు చేతికర్రతో బడికి వస్తోంది. నర్సరీ పిల్లల దగ్గర కూర్చునే పని ఇచ్చారు. రాఘవేందర్ ఆదివారాలు పద్మారావు నగర్‌లో ఆమె ఇంటికి వెళ్తాడు. చాయ్ ఇస్తుంది. ఇదివరకటిలా కబుర్లు చెప్పదు.

ఒకసారి ఉన్నట్టుండి అడిగింది. "ఇప్పటికీ నడపాలనిపిస్తదా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "రోజూ అనిపిస్తది."

"నాకు గూడ ఉరకాలనిపిస్తది," అంటూ ఆమె ఖాళీ కప్పు అందుకుని, కర్ర ఊతంతో మెల్లగా లోపలికి వెళ్లింది. ఆయన అక్కడే, లేవాలో కూర్చోవాలో తెలియక కూర్చుండిపోయాడు.