పాలపొడి డబ్బాతో భూపాలపల్లి దాకా

కమ్యూనిస్టు దళాలను పట్టుకోవడానికి ఊళ్లలో మిలిటరీ క్యాంపులు పెట్టిన రోజులవి. నేను జనగామ దవాఖానలో కొత్త నర్సును. భూపాలపల్లి నుంచి మా రాజక్క కబురు పంపింది. మూడేళ్ల కూతురు లచ్చిమి ఒళ్లు చేసిందట, కానీ నిలబడదట, ఏడ్చే ఓపిక కూడా లేదట. అది ఒళ్లు కాదని, సరైన తిండి లేక వచ్చిన వాపని నాకు అర్థమైంది.

పొద్దున ఆరింటి రైలుకు మహబూబాబాద్ వెళ్లాను. నాకు పని నేర్పిన డాక్టరమ్మ అక్కడే ఉంది. పాలపొడి డబ్బా చేతిలో పెట్టి, "ఒకేసారి కడుపు నింపకు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తాపు. ఒళ్లు వెచ్చగ ఉంచు," అంది.

మధ్యాహ్నం రైల్లో వరంగల్, అక్కడ ఉప్మా తిని పరకాల బస్సు ఎక్కాను. దారిలో సిపాయిలు అందరినీ దింపారు. అడవిలోని దళాలకు తిండి చేరుతోందని వాళ్ల అనుమానం. ఒకతను డబ్బా మూత తీసి వాసన చూసి గట్టిగా తుమ్మాడు. మీసాలు తెల్లబడ్డాయి. నవ్వితే ప్రమాదమని తెలిసీ నవ్వాను. బస్సువాళ్లంతా నవ్వారు. చివరికి అతనూ నవ్వి డబ్బా ఇచ్చేశాడు. భూపాలపల్లి వెళ్లేవారు పరకాలలోనే ఎడ్లబండి మాట్లాడుకోవాలి. నేను మర్నాడు అలాగే అక్క ఇంటికి చేరాను.

లచ్చిమి పాదం నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అన్నాళ్లూ గంజే ఆధారం. కాచిన నీళ్లలో పాలపొడి, చక్కెర, కాస్త నూనె కలిపి తాపడం మొదలుపెట్టాం. ఐదో రోజుకు వాపు దిగి ఎముకలు బయటపడ్డాయి. అక్క గిన్నె పక్కకు నెట్టింది.

"ఏందే, నువ్వొచ్చినంక పిల్ల ఇంక చిక్కిపోయింది. నీ పాలొద్దు, నువ్వొద్దు."

"పోయింది ఒంట్ల నీరే అక్కా. జర రెండు దినాలు ఆగు."

నాకూ భయంగానే ఉంది. ఎనిమిదో రోజు లచ్చిమి నా చేతిలోని గిన్నె లాక్కుని ఖాళీ చేసింది. "ఇంక పాలు పొయ్యి," అని నన్ను ఒక్కటి కొట్టింది. అక్కా నేనూ చేతులు పట్టుకుని వాకిట్లో గిరగిరా తిరిగాం.

పన్నెండో రోజు పిల్ల గోడ పట్టుకుని నిలబడింది. పప్పు, గుడ్డు ఎట్లా పెట్టాలో అక్కకు చెప్పి బయలుదేరాను. వరంగల్‌లో సాయంత్రం రైలెక్కాక, ఎదుటి సీటు అవ్వ నా మొహం చూసి అడిగింది.

"ఎవరి పెండ్లికి పోయొస్తున్నవు బిడ్డా?"

"మా అక్క బిడ్డ లేచి నిలబడ్డదవ్వా."

అవ్వ వివరం అడిగింది. రైలుపెట్టెంతా వినేలా చెప్పాను. చంటిపిల్లల తల్లులు మళ్లీ చెప్పించుకున్నారు. ఆ ధ్యాసలో జనగామ దాటిపోయింది. ఆలేరులో దిగి, వెనక్కి వెళ్లే రైలు కోసం బల్లమీద కూర్చున్నాను. దిగాల్సిన స్టేషన్‌ను అంత సంతోషంగా దాటిపోవడం నా జీవితంలో ఆ ఒక్కసారే.