చెంపలేసుకుని తిట్టే పేరు

మా ఖానాపూర్ వాడలో నల్లా దగ్గర "పోశవ్వా!" అని కేకేస్తే నలుగురు తిరిగి చూసేవారు. జ్వరాలొచ్చి పిల్లలు నిలవని ఇంట్లో ఆ తర్వాత ఆడపిల్ల పుడితే, పోచమ్మ తల్లి చల్లగా చూడాలని ఆమె పేరే పెట్టేవారు. నాకంటే ముందు ఇద్దరు పోయారు కాబట్టి నేనూ పోశవ్వనే.

నన్ను తిట్టాల్సి వస్తే నాయనమ్మ ముందు చెంపలేసుకునేది. "నిన్ను గాదు తల్లీ, గీ పొల్లను" అని పైకి దండం పెట్టి, అప్పుడు నోరు విప్పేది. నాకు నవ్వాగేది కాదు.

ఆదిలాబాద్‌లో కాలేజీకి పోయే ముందు పేరు మార్చుకుంటానన్నాను. నాయనమ్మ ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"కాయిదం మీద ఏమన్న రాసుకో బిడ్డా. గని ఎవ్వలన్న పేరడిగితే గా కొత్త పేరు జర మెల్లగ చెప్పు. తల్లి చెవుల వడ్తది."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మొన్న మూడు రోజులైనా జ్వరం దిగకపోతే నా కూతుర్ని ఆసుపత్రికి ఎత్తుకుపోయాను. వాడలో ఇంకెవరికీ లేని పేరు కావాలని వెతికి వెతికి పెట్టుకున్నాను దానికి.

"పాప పేరేంది?" అంది నర్సు.

నేను చుట్టూ చూశాను. ఆమె చెవి దగ్గరికి వంగి, మెల్లగా చెప్పాను.