విమానంలో వస్తాడన్న చిన్నాయన

మాది చింతామణిలో చిన్న వేరుశనగ వ్యాపారం. నన్ను చేసుకోవడానికి వచ్చినవాళ్ళు మిట్టేమరి ఊరి రైతులు, బావుల కింద వరి పండే భూములున్నవాళ్ళు. తాంబూలాల నాడు కాబోయే మామ తన పొలాల గురించి చాలాసేపు మాట్లాడాడు. నాయన వినీ వినీ, ఉండబట్టలేక, "మా తమ్ముడు ఢిల్లీలో సర్కారు ఆఫీసులో ఉండాడప్పా. పెండ్లికి ఇమానంలో వస్తాడు" అన్నాడు.

"ఢిల్లీ శానా దూరం గదప్పా? ఎంతసేపు పడుతుంది?" అన్నాడాయన.

"వెయ్యి మైళ్ళ పైమాటే. రైల్లో అయితే మూడు దినాలు. ఇమానంలో పొద్దున ఎక్కితే మాపటికి బెంగళూరు."

తలుపు వెనక నేనూ అమ్మా ముఖాలు చూసుకున్నాం. చిన్నాయన ఆ ఆఫీసులో గుమాస్తా. విమానమెక్కే స్థోమత ఆయనకెక్కడిది?

పెళ్ళికి ముందురోజు పెళ్ళికొడుకు అన్న మాతో చెప్పకుండానే అద్దె కారు మాట్లాడుకుని బెంగళూరు విమానాశ్రయానికి వెళ్ళాడు. చిన్నాయనను మర్యాదగా తీసుకురావాలనీ, పనిలో పనిగా విమానాన్ని దగ్గరగా చూడాలనీ ఆయన ఆశ. చీకటిపడ్డాక ఒక్కడే తిరిగొచ్చాడు.

"దిగినోళ్ళనంతా అడిగినా. మీ తమ్ముడు లేడప్పా."

నాయన పందిరి గుంజలు సరిచూసుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు.

మరునాడు తాళి కట్టడం అయిపోయి, భోజనాల పంక్తి నడుస్తుండగా చిన్నాయన వచ్చాడు. రైలు దారిలో ఆగిపోయి ఆలస్యమైతే, బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చాడట. చొక్కా నిండా బొగ్గుమసి, చంకలో పరుపుచుట్ట.

"ఇమానం మన బస్టాండులోనే దిగిందేమప్పా?" అన్నాడు పెళ్ళికొడుకు అన్న. పంక్తంతా నవ్వింది. కొత్త తాళితో నేను తల మరింత వంచుకున్నాను.

చిన్నాయన అర్థంకాక నాయన వైపు చూశాడు. ఆ ముఖంలో ఏం కనిపించిందో, "టిక్కెట్టు దొరకలేదప్పా. అందుకే రైలెక్కినా" అన్నాడు.

మాట అక్కడితో ఆగిపోతే బాగుండుననుకున్నాను. నాయన మాత్రం చేతిలోని చారు బకెట్టు కింద పెట్టేశాడు.

"వాడు నా మర్యాద కాపాడేకి అబద్ధం చెప్తాండాడు. రైల్లోనే వస్తానని ముందే చెప్పినాడు. ఇమానమని చెప్పింది నేనే. మీ ముందర తక్కువైపోతానని చెప్పినా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

కాసేపటికి మామ పక్కకు జరిగి చోటిచ్చి, "రాప్పా, కూర్చో. రైల్లో ఏం తిన్యావో ఏమో" అని చిన్నాయనను పిలిచాడు. నాయన వైపు చూడలేదు.

అత్తింట్లో ఎవరూ నన్ను ఆ మాటతో పొడవలేదు. అయినా నాయన మిట్టేమరికి వచ్చినప్పుడల్లా వాకిట్లోనే కూర్చునేవాడు. అన్నానికి లెమ్మంటే, బస్సుకు వేళైందని కండువా దులుపుకునేవాడు. నా పెద్దకొడుకు పుట్టాక ఒకరోజు మామే బయటికొచ్చి, "ఎన్నాళ్ళప్పా ఇట్ల? లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

నాయన తలెత్తకుండా తిన్నాడు. వడ్డిస్తున్న నేను కూడా ఆయన ముఖం చూడలేకపోయాను.