తమ్ముడి మెడ, గరికపాడు మామ్మ

మా చిన్నప్పుడు... నులకమంచం మీద గోడవారగా తమ్ముణ్ణి పడుకోబెట్టి, ఇవతల పీట వేసుకుని కూచునేదాన్ని. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ చూసుకునేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

నందిగామలో ఉండేవాళ్ళం... పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్త. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. మూడో తరగతిలో నా బడి మాన్పించి వాణ్ణి నాకు అప్పజెప్పారు. వాడికి ముందు పుట్టినవాడు ఆరు నెలలకే పోయాడు. వీడికి నాలుగో నెల వచ్చినా ఒళ్ళు చేయడం లేదు... ఒళ్ళో వేసుకుంటే మడతబట్ట పెట్టుకున్నట్టే ఉండేది. ఎవరూ పైకి అనరు గానీ అందరికీ అదే భయం.

ఆసుపత్రిలో చూపిస్తే గుండె బాగానే ఉందన్నారు, టానిక్కు ఇచ్చారు, పాలు బాగా పట్టమన్నారు. అమ్మకేమో పాలకు లోటు లేదు... రవికె తడిసిపోయేది.

మా మేనత్త చెప్పింది... "గరికపాడులో బెణుకులు పట్టే మామ్మ ఉంది వదినా. చంటిపిల్లల్ని కూడా చూస్తది."

"వీడి ఎముకలు పుల్లల్లా ఉన్నాయి, పట్టుకుంటే ఇరుగుతాయి" అన్నాడు నాన్న. ఆ మాటతో నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అయినా అమ్మ బస్సెక్కింది. నేను కనపడకపోతే వాడు ఏడుస్తాడని నన్నూ తీసుకెళ్ళింది. మేము వెళ్ళేసరికి మామ్మ ఒక లారీ డ్రైవరు భుజం లాగుతోంది. "చచ్చాను మామ్మో!" అని ఆయన అరిచిన అరుపుకి నేను తమ్ముణ్ణి గట్టిగా పట్టుకున్నా.

మామ్మ వాణ్ణి ముట్టుకోలేదు. "ముందు పాలియ్యి, చూస్తా" అంది. ఎడమ రొమ్ముకి బాగానే తాగాడు. కుడివైపు మార్చగానే మెడ తిప్పలేక ఒకటే ఏడుపు. అలిగాడనుకునేవాళ్ళం మేము. అమ్మ కూడా ఎడమవైపే ఇచ్చేసేది.

"ఇంట్ల ఎటు జూస్తా పంటడు వీడు?" అంది మామ్మ.

"నా వైపే" అన్నా.

"మరి అటు పక్క?"

"గోడ."

మామ్మ పకపకా నవ్వింది. "ఓసి పిల్లా, నీ ప్రేమ సల్లగుండ! నిన్ను చూసీ చూసీ మెడ బిగిసిందే వీడికి. సగం పాలే తాగుతుండు, ఇంక కండెట్ల పడుతది?"

అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు... కాపలా కాస్తున్నాననుకుంటే వాడి కడుపు మాడ్చింది నేనే.

మామ్మ కాళ్ళు చాపి వాణ్ణి పడుకోబెట్టుకుంది. గోరువెచ్చని నూనెతో మెడ పక్కన రెండు వేళ్ళతో నెమ్మదిగా రాసింది. లాగలేదు, విరవలేదు... వాడు నిద్రపోయాడు కూడా. రోజూ అలాగే రాయమంది, టానిక్కు మానొద్దంది. "తల పెట్టే కాడ కాళ్ళు పెట్టి పండబెట్టు. నిన్ను జూడాలంటే ఇంకో పక్కకి తిరగాల వాడు" అని నాతో చెప్పింది.

మొదటి నాలుగు రోజులు వాడు గోడవైపే తిరిగి, నేను కనపడక ఏడ్చాడు. ఇవతల కూచుని పిలుస్తూ నేనూ ఏడ్చా. తరవాత తరవాత... కొంచెం కొంచెంగా నా వైపు తిప్పాడు. కుడివైపూ తాగాడు. నెల దాటాక ఆసుపత్రిలో తూస్తే, కిందటిసారి పెట్టిన రాళ్ళు చాలక నర్సమ్మ ఇంకో రాయి వేసింది. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఇప్పుడు అంకెలు చూపించే మిషన్లు, నెలనెలా కార్డులో గీతలు... మంచిదే, నేను కాదనను. ఎముకలు సర్దుతామని బోర్డులు పెట్టుకునే వాళ్ళ దగ్గరికి చంటిపిల్లల్ని తీసుకుపోతున్నారంటే మాత్రం భయమేస్తుంది. ముందు డాక్టరుకి చూపించండమ్మా. కానీ బిడ్డ పాలు తాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి వదిలేదాకా అలా పక్కన కూచుని చూసే తీరిక ఇప్పుడెవరికుంది...

మీ ఇళ్ళలో అలాంటి మామ్మలుంటే రాయండి, చదువుతా.

మా తమ్ముడికి అరవై దాటాయి. పొట్ట వచ్చింది, బరువు తగ్గమన్నారట డాక్టర్లు. నిన్న ఫోన్ చేసి "రెండు కిలోలు తగ్గానక్కా" అన్నాడు సంతోషంగా... నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.