మిర్యాలగూడలో నా ఐదు ఫ్రీ త్రోలు

పన్నెండేళ్లు వృత్తిగా బాస్కెట్‌బాల్ ఆడి, మోకాలు మొరాయించాక టీవీలో విశ్లేషకురాలినయ్యాను. అప్పట్నుంచీ నోటికే పని. ఆ నోటి పుణ్యమే ఈ ప్రయాణం. పోయిన ఆదివారం ఫైనల్లో సంధ్య అనే మిర్యాలగూడ అమ్మాయి ఎవరూ అడ్డురాకుండా వేసే చివరి రెండు ఫ్రీ త్రోలు మిస్సయితే, స్లో మోషన్‌లో చూపించి మరీ, భయంతో చెయ్యి లాగేసిందన్నాను. మర్నాటి నుంచి ఆ పిల్ల ఆట మానేసింది.

ఉదయం ఏడున్నరకు సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కార్డు చూసిన కండక్టరమ్మ, "టీవీల ఆట గురించి సెప్పేది మీరే గదా మేడం" అంది. మురిసిపోయాను. మునగాల దాటాక మళ్లీ వచ్చి, "గా పిల్లను గట్ల అనకపోతే బాగుండు" అనేసి ముందుకు పోయింది.

కోదాడలో ఇడ్లీ తిని, అక్కడే సంధ్యకు ఆట నేర్పే కోచ్‌ను కలిశాను. "నేను పిలిస్తే రావట్లేదమ్మా. మీరే వెళ్లి మాట్లాడండి" అని చిరునామా రాసిచ్చారు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పదకొండున్నర. దారి పొడవునా నాట్లు పడుతున్నాయి.

సంధ్య వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి, "నా బిడ్డ పిరికిది కాదు" అంది, ముందు ఆ సంగతి తేల్చమన్నట్టు. సంధ్య చెయ్యి చాపి చూపించింది. వేళ్ల చివర్లన్నీ పగుళ్లు.

"ఫైనల్‌కు ముందు సెలవులకు ఇంటికొచ్చి నాలుగు రోజులు అమ్మతోని నాట్లేసిన అక్కా. బురదల నాని పగిలినయ్. బాల్ పట్టుకుంటే సురుక్కుమన్నది. సార్‌కు సెప్తె ఆడనియ్యడని సెప్పలే."

సిగ్గుతో చచ్చిపోయాను. నాట్ల రోజుల్లో మా అమ్మ చేతులూ అట్లాగే ఉండేవి. అయినా నాకు తట్టలేదు. తప్పు నాదే అన్నాను.

"గీడ అంటే ఏమొస్తది? గాడ టీవీల అందరు ఇన్నరు" అంది వాళ్లమ్మ. నిజమే.

సంధ్య మాత్రం బాల్ నా చేతిలో పెట్టి, పక్కనున్న బడి గ్రౌండ్‌కు తీసుకుపోయింది. "మీరెయ్యుండ్రి అక్కా, నేను సెప్త." ఐదు వేశాను, ఒక్కటీ పడలేదు. నా ఫోన్‌లోనే వీడియో తీస్తూ, "సూడుండ్రి, మేడం భయంతోని చెయ్యి గుంజుకున్నది" అంది. వెంట వచ్చిన వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత సంధ్య వేళ్లకు గుడ్డ చుట్టుకుని రెండు వేసింది. రెండూ పడ్డాయి. సోమవారం కోదాడ పోతానంది.

వాళ్లింట్లోనే దోసకాయ పప్పుతో అన్నం తిని, నాలుగింటికి సూర్యాపేట బస్సులో కిటికీ సీటు పట్టాను. మనసు తేలికైంది. మా ప్రొడ్యూసర్‌కు ఫోన్ చేసి, ఆదివారం ప్రోగ్రాంలో మొదటి రెండు నిమిషాలు నాకివ్వమని, నా తప్పు చెప్పుకోవాలని అడిగాను.

"చూపించడానికి క్లిప్ ఉందా?" అన్నాడు.

ఉందన్నాను. విశ్లేషణ కూడా అయిపోయింది, గొంతు మాత్రం సంధ్యది.